చంటికి వర్తించు షరతులు

గుడివాడ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా, రేకుల షెడ్డులో, జగన్మోహనరావు గారు ముప్ఫై నాలుగేళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. తాను రాసిన కాగితం ఒక్కటి కూడా తప్పుందని వెనక్కి రాలేదని ఆయన రోజుకు రెండుసార్లయినా అనేవారు. ఆయన అనడమంటే చుట్టుపక్కల నాలుగు దుకాణాలు వినడమే. గొంతు అలాంటిది. పక్క బల్ల దగ్గర కూర్చునే దేవదానం గారిదీ అదే వృత్తి. ఆయన ఎడమ చెవిలో దూది పెట్టుకుని పని చేసుకునేవారు.

అలాంటి మనిషి తన సొంత ఇంటి పైవాటాకు రాసుకున్న అద్దె అగ్రిమెంటు సామాన్యంగా ఉంటుందా? మొత్తం ఇరవై రెండు క్లాజులు. గోడకు మేకు కొట్టడానికి ఒకటి, తడిబట్టలు ఏ వైపు ఆరేయాలో ఒకటి, మెట్ల మీద చెప్పుల చప్పుడుకు ఒకటి. పదకొండోది మాత్రం జంతువులది. అది ఒక్కరోజులో తయారైంది కాదు. మొదట అద్దెకున్న వాళ్ల కుక్క గేటు పక్క కరివేపాకు చెట్టును వేళ్లతో సహా తవ్వి పోసింది. తర్వాత వచ్చిన వాళ్ల చేపల తొట్టి ఒక మధ్యాహ్నం పగిలి, ఆ నీళ్లు సీలింగు గుండా దిగి, భోజనం చేస్తున్న జగన్మోహనరావు గారి పప్పన్నంలో పడ్డాయి. ఆ తర్వాత పావురాలు, వాటి తర్వాత కుందేళ్లు. ఇల్లు ఖాళీ చేసిన ప్రతివారూ ఆ క్లాజులో ఒక్కో మాట వదిలి వెళ్లారు. చివరికి అది ఇలా స్థిరపడింది: "కుక్కలు, పిల్లులు, కోళ్లు, పావురములు, కుందేళ్లు, చేపలు వగైరా పెంచరాదు."

ఇల్లు చూడటానికి బసవయ్య గారు వచ్చింది ఒక ఆదివారం పొద్దున. సన్నటి మనిషి, సన్నటి గొంతు, జేబులో ఎర్ర పెన్ను. అవనిగడ్డ వైపు బళ్లలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. గుడివాడలో శుభలేఖలు అచ్చు వేసే ప్రెస్సులో తప్పులు దిద్దే పని దొరికితే, ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మనిషి నెమ్మదస్తుడని జగన్మోహనరావు గారికి చూడగానే నచ్చేశారు. వెంటనే స్టాంపు కాగితం ముందేసుకుని తల వంచారు. రాసేటప్పుడు ఆయన తలెత్తరు. ఎదుటివాళ్లు చెప్పేది సగమే వింటారు. ఎందుకంటే మిగతా సగం ఏం చెబుతారో ఆయనకు ముందే తెలుసని ఆయన నమ్మకం.

"మీతో ఎవరెవరుంటారండీ?"

"నేనూ, చంటీ అండి."

"వయసు?"

"అరవై ఒకటండి."

"మీది కాదండీ, చంటిది."

"ఉగాదికి రెండు నిండుతాయండి."

"తల్లి?"

"నాగాయలంకలో ఉందండి. పుట్టిన నెలకే నాకిచ్చేశారు."

"అయ్యో పాపం," అన్నారు జగన్మోహనరావు గారు కలం ఆపకుండా. "అల్లరి చేస్తాడా?"

"అల్లరేం లేదండి. గట్టి శబ్దం వింటే మాత్రం ఎదురు సమాధానం చెబుతాడు."

"చిన్నప్పుడే మాన్పించాలండీ అలాంటివి!" అంటూ ఆయన తన అందమైన అక్షరాలతో మొదటి పేజీలో రాసేశారు: "సదరు బసవయ్య గారు, వారితోపాటు నివసించు చంటి, వయస్సు రెండు సంవత్సరములు, యీ ఇరువురికి మాత్రమే సదరు పైవాటాలో నివసించు హక్కు కలదు."

బసవయ్య గారు అగ్రిమెంటు మొత్తం ఓపిగ్గా చదివారు. పదకొండో క్లాజు దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"అన్నీ బాగున్నాయండి. ఈ 'వగైరా' ఒక్కటే..."

"ఏం? ఏమైందండీ దానికి?"

"ఏమీ లేదండి. ఇంత వివరంగా రాసిన చేయి చివర్లో వగైరా అనేస్తే, రాసినాయనకి ఇంక తోచలేదేమో అనిపిస్తుంది. మా పిల్లలు పరీక్షల్లో అలాగే రాసేవారు. నేను అర మార్కు తీసేసేవాణ్ణి."

జగన్మోహనరావు గారి ముఖం కందిపోయింది. తనకు తోచకపోవడమా? ఆయనే కలం తీసుకుని 'వగైరా'ను అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం కూడా పెట్టారు. ఆ మాట బసవయ్య గారు అమాయకంగా అన్నారో, ముందుచూపుతో అన్నారో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

బుధవారం జగన్మోహనరావు గారు షెడ్డులో ఉండగా సామాను వచ్చింది. మర్నాడు పొద్దున ఆయన అలవాటుగా వరండాలో కుర్చీ వేసుకుని, పేపరు విప్పి, వంటింట్లో ఉన్న భార్యకు వినపడేలా కేక వేశారు.

"ఇందిరా! కాఫీ!"

పైనుంచి, "గుళగుళగుళగుళ!" అని వినిపించింది.

ఆయన పేపరు దించారు. ఇందిర గారు గుమ్మంలోకి వచ్చి పైకి చూశారు.

"ఏంటే ఆ చప్పుడు!" అన్నారు ఆయన.

"గుళగుళగుళగుళ!"

"చంటిపిల్లాడండీ," అన్నారు ఇందిర గారు గుండె మీద చేయి వేసుకుని. "కఫం బాగా పట్టినట్టుంది. తల్లి దగ్గర లేని బిడ్డ. ఆ మాస్టారికి ఏం తెలుస్తుంది పాపం!"

పది నిమిషాల్లో ఆవిడ వాము వేసి కషాయం కాచి, చల్లార్చి, చిన్న గ్లాసులో పోసి భర్త చేతికిచ్చారు. జగన్మోహనరావు గారు పంచె ఎగ్గట్టి, గ్లాసు తొణక్కుండా మెట్లెక్కారు. పైన డాబా మీద మధ్యలో నిలబడి ఉన్నది ఏమిటో ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నల్లటి ఈకలు, విసనకర్రలా విప్పిన తోక, మెడ కింద ఎర్రగా వేలాడే తిత్తులు, నీలం రంగు బోడితల. అది ఆయన్ని కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసి, రొమ్ము ముందుకు పొడిచి, రెండడుగులు వేసింది. అచ్చం ఆఫీసులో పై అధికారి నడిచినట్టు నడిచింది.

"మాస్టారూ!" అని ఆయన అరిచారు.

"గుళగుళగుళగుళ!" అంది అది.

బసవయ్య గారు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

"రండి, రండి. కషాయం ఎవరికండీ?"

"చంటికి! చంటేడీ?"

"గుళగుళగుళగుళ!"

"పలుకుతున్నాడుగా అండి," అన్నారు బసవయ్య గారు ఎంతో మురిపెంగా.

జగన్మోహనరావు గారు ఆ కషాయం తానే తాగేశారు. చేతిలో ఉంది గనక తాగారు. తర్వాత కిందికి పరుగెత్తి అగ్రిమెంటు తెచ్చి, పదకొండో క్లాజు మీద వేలు పెట్టారు.

"కోళ్లు పెంచరాదు! ఇదిగో! ఇది టర్కీ కోడి! దీని పేరులోనే కోడి ఉంది!"

"పేరులో ఉంటే కోడి అయిపోదండి," అన్నారు బసవయ్య గారు తగ్గు స్వరంతో. "నిప్పుకోడి ఉంది. ఆరడుగుల పైనే ఉంటుంది, గుర్రంలా పరుగెడుతుంది. అది కోడంటారా? నీటికోడి ఉంది, చెరువులో ఈదుతుంది. దాన్ని కోడి అని గంప కింద కప్పెడతారా? మాట వేరు, వస్తువు వేరు. తమరు హద్దులు రాసేవారు, తమకి నేను చెప్పాలా?"

"మీరు నాకు పిల్లాడని చెప్పారు!"

"నేనెప్పుడన్నానండీ? చంటి అన్నాను. మీరు అడిగినవన్నీ చెప్పాను. ఎన్ని కాళ్లు, ఎన్ని రెక్కలు అని మీరు అడగలేదు." ఆయన మొదటి పేజీ తిప్పారు. "పైగా ఇక్కడ మీరే రాశారు. యీ ఇరువురికి మాత్రమే నివసించు హక్కు కలదు. కింద మీ సంతకం."

జగన్మోహనరావు గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. అందులో ఒక్క పొల్లు తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆ రోజంతా ఆయన షెడ్డులో కూర్చుని ఇల్లు ఖాళీ చేయమని నోటీసు రాశారు. రాసి చింపారు. మళ్లీ రాసి మళ్లీ చింపారు. నోటీసులో కారణం చూపించాలి. కారణమంటే, తాను ఒక టర్కీ కోడిని మనిషిగా దస్తావేజులో ఎక్కించానని ఒప్పుకోవాలి. ఆ కాగితం రేపు ఎవరి చేతిలోనో పడుతుంది. దేవదానం గారి చెవిలో దూది ఉన్నా కళ్లు బాగానే పనిచేస్తాయి. ముప్ఫై నాలుగేళ్ల పేరు ఒక్క పక్షి ముక్కుకు చిక్కుతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఉన్నదాన్ని కొట్టేయలేనప్పుడు దానికి అనుబంధ పత్రం రాయాలి. చంటి ఉంటాడు. కానీ షరతుల ప్రకారం ఉంటాడు.

ఆ అనుబంధ పత్రం రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇద్దరూ డాబా మీద చాప వేసుకుని కూర్చునేవారు. జగన్మోహనరావు గారు ఒక షరతు పైకి చదవగానే డాబా మూలనున్న ఇనుప జాలీ గూట్లోంచి చంటి "గుళగుళగుళ" అని అడ్డం వచ్చేవాడు. రెండో షరతుకూ అంతే. చివరికి ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని, దొంగతనానికి ఏర్పాట్లు చేసుకుంటున్న వాళ్లలా గుసగుసగా చదువుకోవలసి వచ్చింది.

"డాబా రెండు పూటలా కడగవలెను," అని గుసగుసలాడారు జగన్మోహనరావు గారు.

"కడుగుతానండి. ఆ ఎరువు మీరు మళ్లీ నాటిన కరివేపాకు చెట్టుకు వేస్తాను."

"మూడు నెలలకోసారి పశువుల డాక్టరుకు చూపించి కాగితం తేవలెను."

"తెస్తానండి."

"మెట్లపై ఒంటరిగా సంచరించరాదు."

"సంచరించడండి. నా వెనకే దిగుతాడు."

"ఇంటి యజమాని తాలూకు అతిథులు వచ్చిన తరుణమున తోక విప్పరాదు."

ఇక్కడ బసవయ్య గారు కళ్లజోడు తీశారు. "దానికి మాత్రం నేను పూచీపడలేనండి. అతిథుల్ని చూస్తేనే వాడు విప్పేది. అది వాడి మర్యాద."

అరగంట వాదన తర్వాత "తోక విప్పినను అతిథులపైకి రారాదు" అని సర్దుబాటు చేసుకున్నారు. ఈలోగా బసవయ్య గారి ఎర్ర పెన్ను ఊరుకోలేదు. 'తరుణమున' అవసరమా అని ఒక గీత, 'సదరు' ఇన్నిసార్లా అని ఇంకో గీత. జగన్మోహనరావు గారికి ఒంట్లో రక్తం ఉడికిపోయింది. కానీ అరవడానికి వీల్లేదు. గుసగుసగా కోప్పడటం ఎంత కష్టమో ఆయనకు ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

చివరి సాయంత్రం బసవయ్య గారు తన వైపు నుంచి రెండే రెండు షరతులు అడిగారు.

"నేను ఊళ్లో లేని రోజున చంటికి మేతా నీళ్లూ మీరు చూడాలి. ఆ రోజుకి వాడి బాధ్యత మీది. ఇంకొకటి. వాడు వాడంతట వాడు అరవడు. శబ్దం వస్తేనే బదులిస్తాడు. కాబట్టి ఇంటి ఆవరణలో యజమాని గొంతెత్తరాదు."

"నా ఇంట్లో నేను గొంతెత్తకూడదా!"

"గుళగుళగుళగుళ!"

ఇందిర గారు మెట్ల మీద ఎప్పటినుంచి నిలబడి వింటున్నారో తెలియదు. "రాసేయండి," అన్నారు ఆవిడ. "ఆ రెండోది కాస్త పెద్దక్షరాలతో రాయండి."

అప్పటినుంచి ఆ ఇంట్లో వాతావరణమే మారిపోయింది. కాఫీ కావాలంటే జగన్మోహనరావు గారు లేచి వంటింటి దాకా వెళ్లి అడుగుతున్నారు. అక్కడిదాకా వెళ్లాక ఊరికే నిలబడటం దేనికని గ్లాసులు కడుగుతున్నారు. ఆదివారాలు ఇంటికి వచ్చే పార్టీలతో ఆయన గొంతు తగ్గించి మాట్లాడితే, ఆ స్థలంలో ఏదో లొసుగు ఉందనుకుని ఇద్దరు ముగ్గురు కొనడమే మానుకున్నారు. ఇందిర గారు మాత్రం ఒళ్లు చేశారు. రోజూ మధ్యాహ్నం పైకి వెళ్లి చంటికి తోటకూర కాడలు తినిపిస్తూ, ఇంటి సంగతులన్నీ మెల్లగా చెప్పుకునేవారు. మెల్లగా చెబితే వాడు బుద్ధిగా వినేవాడు.

డిసెంబరులో, కోతలైపోయి గడ్డి ట్రాక్టర్లు తిరిగే రోజుల్లో, బసవయ్య గారికి మోపిదేవిలో పని పడింది. చెల్లెలి మనవరాలికి గుళ్లో చెవులు కుట్టిస్తున్నారు. పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి వస్తానన్నారు. ఇందిర గారు కూడా ఆ రోజు బందరులో అక్కగారింటికి వెళ్లారు. షరతు ప్రకారం చంటి బాధ్యత మొత్తం జగన్మోహనరావు గారిది.

ఆయన తొమ్మిదింటికి పైకి వెళ్లి, జాలీ గూడు తలుపు తీసి, గిన్నెలో నీళ్లు పోశారు. నూకలు వేశారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బందరు పార్టీ. రేపు రిజిస్ట్రేషను, ఇవాళ హద్దులు సరిచూసుకోవాలి. అవతల సిగ్నలు లేదు.

"ఉత్తరం కాలవండీ," అన్నారాయన మామూలుగా. అవతలివాళ్లకు వినపడలేదు. "కాలవ! కాలవండీ! కా-ల-వ!"

"గుళగుళగుళగుళ!"

"మీరు కాదు, మీరుండండి!" అని ఆయన చంటి వైపు చేయి విసిరారు. చంటి దాన్ని సవాలు కింద తీసుకున్నాడు. తెరిచిన తలుపులోంచి బయటికి వచ్చి, రొమ్ము విరిచి, ఒక్క గెంతుతో పిట్టగోడ ఎక్కాడు. కింద రోడ్డు మీద, డాబా ఎత్తున గడ్డి వేసుకుని, డప్పుల పాట హోరెత్తిస్తూ ట్రాక్టరొకటి వెళ్తోంది. ఆ డప్పులకు చంటి పూనకం వచ్చినట్టు బదులిచ్చాడు. బదులిస్తూ బదులిస్తూ రెక్కలు టపటపలాడించి గాల్లోకి లేచాడు.

జగన్మోహనరావు గారు పిట్టగోడ దగ్గరికి వచ్చి చూసేసరికి, చంటి గడ్డిమోపుల మీద నడిమధ్యన నిలబడి, తోక పూర్తిగా విప్పి, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా నందివాడ రోడ్డు వైపు సాగిపోతున్నాడు.

ఆయన చెప్పులు కూడా వేసుకోలేదు. స్కూటరు మూడు తన్నులకు స్టార్టయింది. ఊరు దాటి, రైలు గేటు దగ్గర అయిదు నిమిషాలు ఇరుక్కుని, ట్రాక్టరును అందుకునేసరికి నందివాడ వైపు చాలా దూరం వచ్చేశారు. గడ్డి మీద ఎవరూ లేరు.

"నాకేం తెలుసండీ, నేను ముందుకు చూసి తోలతాను గదా," అన్నాడు డ్రైవరు పాట ఆపి. "ఇందాక చేపల చెరువుల మలుపులో కొమ్మ తగిలింది. అక్కడేమన్నా దిగిందేమో."

దిగిందేమోనట! ఆయన స్కూటరు వెనక్కి తిప్పారు. రోడ్డుకు అటూ ఇటూ చెరువులే. గట్ల మీద మోకాలెత్తు గడ్డి, తుమ్మ చెట్లు. "చంటీ!" అని పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. గాలి ఎదురుగా కొట్టి, పిలుపును వెనక్కి తోసేసింది. ఒక్క పిలుపుతో లాభం లేదు, ఆగకుండా గట్టిగా అరుస్తూ గట్టంతా తిరగాలి. కానీ ఏమని అరవాలి? పెద్ద గొంతుతో, ఊపిరి తీసుకోకుండా, గంటల తరబడి ఆయన చదవగలిగింది ఒక్కటే ఉంది.

"కృష్ణా జిల్లా! గుడివాడ సబ్ రిజిస్ట్రారు వారి పరిధిలో చేరిన! యీ దిగువ షెడ్యూలు దాఖలా భూమికి హద్దులు! తూర్పు, పంట బోదె! దక్షిణం, పుంత రోడ్డు!"

నడుము ఒంచి గట్టు మీద గడ్డి కోస్తున్న బుల్లెమ్మ అనే ఆవిడ కొడవలి పట్టుకుని లేచి నిలబడింది.

"ఎవరికి చదువుతున్నారు బాబూ?"

"చంటికమ్మా! తప్పిపోయాడు!"

"ఎంతోడు?"

"రెండేళ్లు," అన్నారు జగన్మోహనరావు గారు. దస్తావేజులో అలాగే ఉంది మరి.

బుల్లెమ్మ చేతిలో కొడవలి జారిపోయింది. "అమ్మో! చెరువు గట్టున రెండేళ్ల పిల్లోడే! ఓరయ్యా, రండర్రా! పిల్లోడు చెరువులో పడిపోయాడంట!"

పడ్డాడని ఎవరూ అనలేదు. కానీ ఆ మాట సరిదిద్దే లోపే, చేపలకు తవుడు చల్లడానికి వచ్చిన ముగ్గురు మనుషులు చొక్కాలతో సహా ధడేల్, ధడేల్మని నీళ్లలోకి దూకేశారు.

"ఆగండయ్యా! వాడు నీళ్లలోకి వెళ్లడు! వాడికి ఈత రాదు!"

"ఈత రాదనేగా మేం దూకింది!" అని ఒకడు మునిగి తేలుతూ కేకేశాడు.

"అది కాదు! వాడికి రెక్కలున్నాయి! ఈకలున్నాయి!"

బుల్లెమ్మ ఆయన వంక జాలిగా చూసింది. "బెంగతో మతి తప్పింది పాపం. కూర్చోండి బాబూ, కూర్చోండి. దొరుకుతాడులే." ఆవిడ ఆయన్ని భుజాలు పట్టి గట్టు మీద కూలేసి, సీసాలో నీళ్లు నెత్తిన గుమ్మరించింది. ముప్ఫై నాలుగేళ్లలో ఏ సబ్ రిజిస్ట్రారూ ఆయన నెత్తిన నీళ్లు పొయ్యలేదు. జగన్మోహనరావు గారికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. పొట్టలో ఉన్న గాలంతా కూడగట్టుకున్నారు.

"నేను రాసిన కాగితం! ఇంతవరకూ! ఒక్కటి కూడా! వెనక్కి రాలేదు!"

"గుళగుళగుళగుళ!"

తవుడు బస్తాలు పెట్టే చిన్న పాకలోంచి వచ్చింది ఆ శబ్దం. వెనకే చంటి వచ్చాడు. ముక్కు నిండా తవుడు, మెడ తిత్తుల మీద తవుడు, కడుపు పగిలేలా మేసిన తృప్తి. అందరినీ చూసి, అతిథుల పట్ల తనకున్న మర్యాద కొద్దీ తోక విప్పాడు.

చెరువులో ముగ్గురూ నడుం లోతు నీళ్లలో అలాగే నిలబడిపోయారు.

"ఈ పిల్లోడేనా?" అంది బుల్లెమ్మ.

"వీడేనమ్మా."

"పెద్దాయన గొంతే వచ్చింది," అంది ఆవిడ. నీళ్లలో ఉన్నవాళ్లలో ఒకడికి నవ్వు ఆగక మళ్లీ మునిగిపోయాడు.

వాళ్లు పైకొచ్చి చొక్కాలు పిండుకుంటుంటే, జగన్మోహనరావు గారు లేచి నిలబడి, తడిసిన జుట్టు సర్దుకున్నారు. "చంటి తిన్న తవుడుకీ, మీ శ్రమకీ బాధ్యత నాదే. వాడి మనిషి ఊళ్లో లేని రోజున బాధ్యత ఇంటి యజమానిదని నేనే రాశాను." వాళ్లు తవుడు సంగతి వదిలేయమన్నారు. కానీ ముగ్గురిలో పెద్దవాడు కాస్త మొహమాటంగా దగ్గరికి వచ్చాడు.

"ఇట్లాంటివాటికి కూడా కాయితం రాస్తారాండీ? మా అమ్మాయి బందర్లో అద్దెకుంటంది. పిల్లి ఉందని ఖాళీ చేయమంటున్నారు."

"ఇంటాయన ఏమంటున్నాడో ముందు అది కనుక్కో," అన్నారు జగన్మోహనరావు గారు. "పిల్లి గోళ్లు ఎవరు తీస్తారు, సోఫా చిరిగితే ఎవరు కుట్టిస్తారు, పిల్లలు పెడితే ఎవరు చూస్తారు, అవన్నీ రాసుకుంటే ఎవరికీ గొడవుండదు. సోమవారం షెడ్డుకి రా."

చంటిని ఇంటికి చేర్చడం ఇంకో కథ. బుల్లెమ్మ గోనెసంచిలో మెడ బయటికి ఉండేలా వాడిని దింపి, స్కూటరు ముందు భాగంలో ఆయన మోకాళ్ల మధ్య నిలబెట్టింది. దారి పొడవునా హారన్ కొట్టిన ప్రతి లారీకీ, ప్రతి ఆటోకీ చంటి జవాబు చెప్పాడు. దాంతో బండ్లవాళ్లే పక్కకు తప్పుకున్నారు. పక్కదారి మట్టితో మూసేసి ఉండటంతో, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందునుంచే వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా అక్కడ టీ బడ్డీ దగ్గర దేవదానం గారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పుల్లేని కాళ్లు, తడి చొక్కా, మోకాళ్ల మధ్యలోంచి తొంగిచూస్తున్న బోడితల. ఆయన చెవిలోంచి దూది తీశారు.

"ఎవరండీ జగన్మోహనరావు గారూ, ఇది?"

జగన్మోహనరావు గారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత తల నిటారుగా పెట్టుకుని, "మా పైవాటాలో అద్దెకుంటున్నాడండీ," అని ముందుకు సాగిపోయారు.

సాయంత్రం బసవయ్య గారు మోపిదేవి ప్రసాదంతో దిగారు. జరిగిందంతా విన్నారు. నవ్వుతారేమో అని జగన్మోహనరావు గారు కాచుకుని కూర్చున్నారు. కానీ ఆయన నవ్వలేదు. గూటి దగ్గరికి వెళ్లి, చంటి రెక్కలు విప్పి చూసి, వెనక్కి వచ్చి చేతులు జోడించారు.

"తప్పు నాదండి. రెక్కలు కత్తిరించి మూడు నెలలైంది. మళ్లీ కత్తిరించాలని తెలిసీ బద్ధకించాను. మీరు నీళ్లలో పడి, నానా మాటలు పడి..."

"నీళ్లలో నేను పడలేదండీ, వాళ్లు పడ్డారు," అన్నారు జగన్మోహనరావు గారు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. గుసగుస తప్ప ఏమీ రావడం లేదు. "నాదీ తప్పుంది. గూడు తలుపు వేయకుండా ఫోనెత్తాను. రెండూ రాసుకుందాం. రెక్కలు మీ వంతు, గడియ నా వంతు."

మర్నాడే కాగితం తీశారు. ఈసారి మొదటినుంచీ శుభ్రంగా, కొత్త అగ్రిమెంటు. చంటి టర్కీ అని స్పష్టంగా రాశారు, కోడి అనాలా పక్షి అనాలా అని ఒక పూటంతా తగవుపడి చివరికి రెండూ మానేశారు. 'సదరు' మొత్తం మూడుసార్లే వచ్చింది. బసవయ్య గారు దాన్ని చదివి, ఎర్ర పెన్ను జేబులోంచి తీసి, కాసేపు చేతిలో తిప్పి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. జగన్మోహనరావు గారు అది చూశారు. చూడనట్టు అటు తిరిగారు గానీ, ఆ రోజంతా ఆయన నడకలో హుషారు కనబడింది.

సాక్షి సంతకానికి దేవదానం గారినే పిలిచారు. ఆయన ప్రతి పేజీ చదివి, "బాగుందండీ," అన్నారు మనస్ఫూర్తిగా. ఇద్దరూ సంతకాలు చేస్తుండగా, ఇందిర గారు తడిచేయి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కాగితం అందుకున్నారు.

"గొంతెత్తరాదు అన్న షరతు ఉంచారా?"

"ఉంచానే."

"ఎన్నాళ్లు?"

"చంటి ఉన్నన్నాళ్లు."

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, కలం ఆయన చేతికిచ్చారు. "చంటి ఉన్నా లేకపోయినా అని మార్చండి."

జగన్మోహనరావు గారు నోరు తెరిచారు. పైనుంచి ఎక్కడ సమాధానం వస్తుందో అని మళ్లీ మూసుకున్నారు. బసవయ్య గారి వైపు చూశారు. ఆయన గోడ మీద క్యాలెండరును శ్రద్ధగా చదువుకుంటున్నారు. దేవదానం గారిని చూస్తే, ఆయన దూది కోసం జేబులు వెతుక్కుంటున్నారు. చివరికి ఆయన తల వంచి, తన అందమైన అక్షరాలతో, ఆ మాటలు ఆవిడ చెప్పినవి చెప్పినట్టు రాశారు.

"నేనూ సంతకం పెడతాను," అన్నారు ఇందిర గారు. పెట్టారు.